పదిలో ఏడు

పొడుగు తుపాకి పట్టినవాళ్లు తొందరపడకూడదని పెద్దక్క ఆ హాల్లో ప్రతివాళ్లకీ ఏదో ఒక రోజు చెప్పే ఉంటుంది. ఒక్కరూ వినలేదు. ఆ ఆఫీసులో తయారవుతున్న వీడియో గేమ్‌లో ఎంత దూరం పోయినా తరగని దేశం ఒకటి ఉంది. కొండలు, గడ్డి మైదానాలు, పాడుబడ్డ ఊళ్లు, దారికాచే దొంగలు. ఆడేవాళ్లు ఎటు కావాలంటే అటు పోవచ్చు. ఆ దేశాన్ని జనం చేతికిచ్చే ముందు ఎక్కడ ఏం చెడిందో చూసే టెస్టర్లు ఆ హాల్లో బారులుగా కూర్చునేవారు. గుర్రాలు చూసేవాళ్లు పొద్దస్తమానం గుర్రాల మీదే ఉండేవారు. తలుపులు చూసే అమ్మాయి వేసిన తలుపు తీసి, తీసిన తలుపు వేసి, ఇంటికి పోయాక తలుపు మొహం చూడబుద్ధి కాదని చెప్పుకునేది. దారిలో దొంగలు ఎదురైతే వీళ్లందరూ చప్పున తీసేది పొట్టి తుపాకి. అది గురి అడగదు. నొక్కితే చాలు, గుమ్మమంత మేర సీసపు రవ్వలు చిమ్ముతుంది, ఎవడికో ఒకడికి తగులుతుంది.

పొడుగుది అలా కాదు. అదీ షాట్‌గనే, కానీ రవ్వలు చెదరవు, పిడికెడు మేరలో ముద్దగా పోతాయి. తగిలితే ఎంతటి దొంగైనా ఒక్క దెబ్బకు పడాలి. తప్పితే మాత్రం, దాంట్లో ఉండేవి రెండే తూటాలు, మళ్లీ పెట్టుకునే లోపల వాడు వచ్చి మీద పడతాడు. అందుకే హాల్లో దాన్ని ముట్టుకునేవాళ్లు లేరు, పెద్దక్క తప్ప.

సోమవారం పొద్దున కూడా ఆమె రోజూలాగే హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కుర్చీ ముందుకు లాక్కుని, ఆటలోని పాత మిల్లు ఆవరణలోకి వెళ్లి నిలబడింది. రోజూ అదే ఆవరణ, అదే చోటు. ఎదుటి షెడ్డులోంచి దొంగలు ఒక్కొక్కరే పరిగెత్తుకొస్తారు. మొదటివాడు వచ్చాడు. ఆమె కదలలేదు. నడుస్తూ గురిపెడితే పొడుగుది మాట వినదు. కంట్రోలర్ మీది ట్రిగ్గర్‌ని చూపుడువేలితో సగం దాకా నొక్కి పట్టుకుంది. తెర మీది వలయం మెల్లగా ముడుచుకోసాగింది. అది నాణెమంత అయ్యాక, దొంగ షెడ్డు నీడ దాటాక, మిగతా సగం నొక్కాలి. ముందే నొక్కితే రవ్వలు చెదురుతాయి. మరీ ఆలస్యం చేస్తే ఆటలోని మనిషికి ఊపిరి నిలవక వలయం మళ్లీ విచ్చుకుంటుంది. ఈ రెంటికీ మధ్య ఉన్న రెప్పపాటు కాలమే పొడుగు తుపాకి. అది తెలిసినవాళ్లకు మరో తుపాకి అక్కర్లేదు.

పదిమంది వచ్చారు. ఏడుగురు పడ్డారు.

పక్కన నిలబడి చూస్తున్న తమ్ముడు తల ఊపాడు. అతను ఆమెకు సొంత తమ్ముడేం కాదు. ఆటలోని తుపాకులన్నీ తయారుచేసేవాడు కాబట్టి హాల్లో అతన్ని తుపాకుల తమ్ముడు అనేవారు. బల్ల మీద చీమ పాకితే చంపడానికి చేతులు రాక కాగితం మీదికి ఎక్కించి కిటికీ బయట దింపి వచ్చే మనిషికి ఆ పేరేమిటని అందరూ నవ్వుకునేవారు.

"ఏడు. సరిపోయింది కదక్కా," అన్నాడు.

"సరిపోయింది," అంది ఆమె, కంట్రోలర్ బల్ల మీద పెట్టి చెయ్యి ఒళ్లోకి తీసుకుంటూ.

పదిలో ఏడు అన్నది మేనేజరు పెట్టిన నియమం. పెద్దక్క ఎనిమిది కొడితే తుపాకి మరీ తేలికగా ఉన్నట్టు, ఆరు కొడితే మరీ మొండిగా ఉన్నట్టు. ఏడు కొడితే సరిగ్గా ఉన్నట్టు. ఆఫీసు చూడటానికి ఎవరొచ్చినా మేనేజరు ఆమె కుర్చీ దగ్గర ఆగి, ఇదిగో మా తూకంరాయి అని చూపించేవాడు. ఆమెకు అది లోపల్లోపల గర్వంగానే ఉండేది. గుర్రాలు, తలుపులు ఎవరైనా చూస్తారు. తూకంరాయి ఒక్కటే ఉంటుంది.

రాయి అరుగుతోందని ఆమెకొక్కదానికే తెలుసు. ఒళ్లో పెట్టుకుంటే ఆ చెయ్యి ఏమీ ఎరగనట్టు పడుకునేది. పనిలో పెట్టగానే, అందులోనూ దేన్నైనా మధ్యలో పట్టి నిలపమంటే, చూపుడువేలు లోపల్నుంచి ఎవరో మీటుతున్నట్టు అదిరేది. బిగబట్టినకొద్దీ ఎక్కువయ్యేది. పొడుగు తుపాకి అడిగేది సరిగ్గా అదే, సగం నొక్కి కదలకుండా ఉండమని. మొదట్లో ఏడు కాస్తా ఆరు, ఆరు కాస్తా అయిదు అయినప్పుడు ఆమె, "ఇదేదో బిగుసుకున్నట్టుంది తమ్ముడూ," అంది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు. అతను చూస్తానక్కా అన్నాడు, చూశాడు. మర్నాడు తుపాకి కాస్త మెత్తబడింది, మళ్లీ ఏడు వచ్చింది. కొన్నాళ్లకు మళ్లీ ఆరు, మళ్లీ చూస్తానక్కా. అలా ఆ తుపాకి ఆమె వేలివెంట నడుస్తూ వచ్చింది. తెలిసీ తెలియనట్టు ఉండటానికి మనిషి ఎంత తెలివి ఖర్చుపెడుతుందో, ఆ తెలివితో ఇంకో ఉద్యోగం చేసుకోవచ్చు.

టీ మూల దగ్గర ఆమె కప్పులో సగమే పోసుకుంది. నిండుకుండ తొణకదంటారు. అది కుండ సంగతి, పట్టుకున్న చేతి సంగతి ఎవరూ చెప్పలేదు.

బుధవారం బయటివాళ్లు వచ్చారు. ఆటను ఎన్నడూ చూడని మామూలు మనుషుల్ని పిలిచి కూర్చోబెట్టి, వెనక నిలబడి నోరు మూసుకుని చూడటం అక్కడి పద్ధతి. ఒక బేకరీ ఆవిడ, ఒక కాలేజీ పిల్ల, రిటైరైన పోస్ట్‌మ్యాన్ ఒకాయన, ఇంకా కొందరు. వాళ్లు ఎక్కడ తడబడతారో, ఎక్కడ నవ్వుతారో, ఎక్కడ విసుగుపడి కుర్చీలో వెనక్కి వాలతారో టెస్టర్లు కనిపెట్టి చూడాలి. గుర్రాలవాళ్లు ఆ రోజు కోసం నెలల తరబడి ఎదురుచూశారు. మైదానంలో దొంగలు చుట్టుముట్టినప్పుడు గుర్రమెక్కి తప్పించుకోవడమే ఆటకంతటికీ గుండెకాయ అని వాళ్ల నమ్మకం.

ఒక్కరూ గుర్రమెక్కలేదు. పోస్ట్‌మ్యాన్ ఆటలోకి దిగిన కాసేపటికే అటూ ఇటూ తడిమి పొడుగు తుపాకి తీశాడు. దొంగలు వచ్చారు. ఆయన కంట్రోలర్‌ని ఉత్తరాల కట్టలా పట్టుకుని ట్రిగ్గర్ నొక్కాడు. వలయం చటుక్కున ముడుచుకుని నాణెమంత అయి అక్కడే నిలిచిపోయింది. ఆయన కళ్లద్దాలు ముక్కు మీదికి జారాయి. వాటిని తీరిగ్గా పైకి తోసుకుని, అప్పుడు మిగతా సగం నొక్కాడు. దొంగ పడ్డాడు. రెండోవాడు పడ్డాడు. కొండ అంచున ఎక్కడో చుక్కలా కనిపించినవాడు కూడా పడ్డాడు. పక్కన బేకరీ ఆవిడదీ అదే వరస, కాలేజీ పిల్లదీ అదే వరస. ఎవరూ గోడల చాటుకు పోలేదు, ఎవరూ భయపడలేదు. మధ్యాహ్నానికి ఆ దేశంలో దొంగలనేవాళ్లు ఉన్నా లేనట్టే అయింది. కాలేజీ పిల్ల ఆవులించింది.

వెళ్లేముందు పోస్ట్‌మ్యాన్ మేనేజరుకి చెయ్యిచ్చి, చాలా బాగుందని చెప్పి, ఒక్క సందేహం అడిగాడు. "ఈ పొడుగుది ఉండగా మిగతా తుపాకులు ఎందుకండీ పెట్టారు?"

పెద్దక్క వాళ్ల వెనకే నిలబడి ఉంది. ఆ వలయం ఎందుకలా నిలిచిపోయిందో ఆమెకు తెలుసు. తన వేలు అదిరినా చెదరకుండా అతుక్కుపోయేలా దాన్ని మెత్తబరుస్తూ వచ్చారు. వేలు అదరనివాళ్లకు అది తుపాకి కాదు, అన్నం తినిపించే చెంచా.

బయటివాళ్లు పోయాక మేనేజరు అందరినీ కూర్చోబెట్టాడు. అతనికి కోపం వస్తే చేతిగడియారం విప్పి బల్ల మీద పెట్టేవాడు. ఇప్పుడు పెట్టాడు. మనిషి చెడ్డవాడు కాదు, కాని తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు అనే రకం. సోమవారం పెద్దక్క పదిలో ఏడు కొట్టింది, అందరూ చూశారు. బుధవారం ముక్కూమొహం తెలియనివాళ్లు పదికి పదీ కొట్టారు. అంటే మధ్యలో మంగళవారం నాడు తుపాకి మారింది. మంగళవారం తుపాకుల్లో చెయ్యి పెట్టిందెవరు? తన ముద్దుల తుపాకిని బయటివాళ్లు మెచ్చుకోవాలని, ఆటంతా ఏట్లో కలిసినా సరే అని, దొంగచాటుగా తేలిక చేసిందెవరు?

మంగళవారం తమ్ముడు తుపాకి చప్పుడు సరిచేశాడు, అంతే. ఆ సంగతి పెద్దక్కకు తెలుసు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఆమె కుడిచెయ్యి ఎడమచేతి కిందికి పోయి దాక్కుంది. అతను ఇప్పుడు చెబుతాడు, ఆమె అంకెలు తగ్గుతూ వచ్చాయని, అందుకే కొద్దికొద్దిగా మార్చానని చెబుతాడు అనుకుంది. చెప్పాలనే అనుకుంది. వేరేవాళ్ల నోటి నుంచి వస్తే తన నోటికి ఆ పని తప్పుతుంది.

తమ్ముడు బల్ల మీది గడియారం వైపు చూస్తూ ఉన్నాడు.

"తేలిక చేసింది నేనే సార్," అన్నాడు.

ఎప్పుడు అని మేనేజరు అడిగితే, నేనే చేశానన్నాను కదా అన్నాడు. శుక్రవారం పైవాళ్లు వస్తారని, వాళ్ల ముందు ఈ సంగతి తేల్చేస్తానని, ఆ తర్వాత అతను సామాను సర్దుకోవచ్చని మేనేజరు చెప్పాడు. గడియారం మళ్లీ చేతికి పెట్టుకుంటూ, ఆట చివర వచ్చే పేర్లలో కూడా నీ పేరు ఉండదు అన్నాడు. ఆట బయటికి రాకముందే వెళ్లిపోయినవాళ్ల పేర్లు వెయ్యకపోవడం అక్కడి రివాజు. ఉద్యోగం పోతుందన్నప్పుడు కదలని తమ్ముడి మొహం ఆ మాటకు కదిలింది. ఆ ఆటలోని ప్రతి తుపాకి గొళ్లెం ఎలా చప్పుడు చెయ్యాలో, ప్రతి పిడికి ఎక్కడ రంగు వెలియాలో చూసుకున్నవాడు. చివర్లో నల్లటి తెర మీద వరసగా పాకే పేర్లలో తన పేరు మూడు లిప్తలు కనబడటం కోసమే ఇన్నేళ్లు చేసినవాడు.

నోరు విప్పుదామని పెద్దక్క రెండుసార్లు ఊపిరి పీల్చుకుంది. రెండుసార్లూ ఊరికే వదిలేసింది.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి భర్త వంటగది బల్ల మీద కుట్టుమిషను తల విప్పి పెట్టుకుని కూర్చున్నాడు. కుట్టుమిషన్లు బాగుచెయ్యడం ఆయన పని. ఇల్లంతా నూనె వాసన. ఆమెను చూసి లేచి, చేతులు తుడుచుకుని, టీ పెట్టి కప్పులో సగమే పోసి ఇచ్చాడు.

"ఈమధ్య నీకు అన్నీ సగమే. చీర కూడా సగమే కడతావా ఏంటి," అన్నాడు.

ఆమె నవ్వినట్టు చేసింది. రెండు చేతుల మధ్య కప్పు పెట్టుకుని, ఆఫీసులో తమ్ముణ్ని తీసేస్తున్నారని చెప్పింది. ఆయనకు ఆ తమ్ముడు తెలుసు, ఒకసారి భోజనానికి వచ్చి ప్లేటు తనే కడిగి పెట్టి వెళ్లాడు. ఏం తప్పు చేశాడని ఆయన అడిగాడు. తుపాకి తేలిక చేశాడట అంది. ఆటలో తుపాకికి కూడా ఉద్యోగాలు పోతాయా అని ఆయన ఆశ్చర్యపడి, కందకు లేని దురద కత్తిపీటకెందుకు, నువ్వెందుకలా అయిపోతున్నావు అన్నాడు. కందకే దురద అని ఆమె చెప్పవలసింది అక్కడే. చెప్పలేదు. ఆయన స్క్రూడ్రైవర్ కొనతో ఒక చిన్న మర బిగిస్తుంటే ఆ చెయ్యి చూస్తూ కూర్చుంది. మొరటు వేళ్లు, గోళ్లలో నలుపు, కాని మర దగ్గరికొచ్చేసరికి గోడకు కొట్టిన మేకులా నిలిచిపోయేవి. ఆమెకు ఆ చేతి మీద అసూయ కలిగింది. మొగుడి చేతి మీద అసూయపడే రోజు వస్తుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

ఆమె తండ్రి దర్జీ. చివరి రోజుల్లో ఆయన కూడా గ్లాసులో సగమే పోయించుకునేవాడు. ఎందుకని ఇంట్లో ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. చేతిలో సూది ఉండగా గదిలోకి ఎవరైనా వస్తే ఊరికే దగ్గేవాడు, సూది కింద పెట్టడానికి ఒక సాకు. ఆ దగ్గు ఈ మధ్య ఆమెకు తరచు గుర్తొస్తోంది.

గురువారం పొద్దున ఆమె మేనేజరు గదిలోకి వెళ్లింది. మెట్లెక్కుతూ మాటలు కూర్చుకుంది, తలుపు దగ్గర అవి చెదిరిపోయాయి. తప్పు తమ్ముడిది కాదేమోనని, తన అంకెల్లోనే ఏదో తేడా ఉండొచ్చని, తన చెయ్యి మునుపటిలా లేదని, ఇలా ముందూ వెనకా తడుముకుంటూ చెప్పింది. మేనేజరు పూర్తిగా విన్నాడు. విని, ఆమె కోసం కుర్చీ జరిపాడు.

"మీరు ఎవర్నీ పోనివ్వలేరు పెద్దక్కా. మీ చెయ్యి నాకు తెలియదా?" అన్నాడు. అతని గొంతులో నిజమైన ఆప్యాయత ఉంది. తప్పు చేసినవాణ్ని కడుపులో పెట్టుకోవడం తల్లి మనసని, ఆఫీసు నడిచేది అంకెల మీదని చెప్పాడు. శుక్రవారం పైవాళ్ల ముందు ఆమే ఆడి చూపించాలన్నాడు. సోమవారం నాటి తుపాకితో పదిమందిని, బుధవారం నాటి తుపాకితో పదిమందిని. మొదటిదానిలో ఏడు వస్తుంది, రెండోదానిలో పది వస్తుంది. మోసం కళ్లకు కట్టినట్టు తెలిసిపోతుంది.

ఆమె బయటికి వచ్చి మెట్ల మీద నిలబడింది. చెప్పానుగా, మేనేజరు నమ్మలేదు, ఇంక నా బాధ్యత తీరింది అనుకోవడానికి మనసు ఎంత తొందరపడిందో చూసి ఆమెకే వెగటు పుట్టింది. పొడుగు తుపాకి పట్టినవాళ్లు తొందరపడకూడదు.

మధ్యాహ్నం తమ్ముడు తన బల్ల సర్దుకుంటూ కనిపించాడు. ఆమె దగ్గరికి వెళ్లి, ఎందుకు ఒప్పుకున్నావని అడగబోయింది. అతను డ్రాయరులోంచి ఒక రబ్బరు బంతి తీసి, ఇది మీరే ఉంచుకోండక్కా, నొక్కుతూ ఉంటే వేళ్లకు మంచిది అన్నాడు. ఆమె తీసుకుని చేతిసంచిలో వేసుకుంది. ఆ మాట ఎందుకన్నాడో అప్పుడు ఆలోచించలేదు.

శుక్రవారం హాల్లో పెద్ద తెర దించారు. పైవాళ్లు ముగ్గురు, ఒకావిడ, ఇద్దరు మగవాళ్లు, ముందు వరసలో కూర్చున్నారు. తమ్ముడు కంప్యూటరు దగ్గర నిలబడ్డాడు, అడిగిన తుపాకి పెట్టడం వరకూ ఇంకా అతని పనే. మేనేజరు పెద్దక్కను తూకంరాయి అని పరిచయం చేశాడు. వాళ్లు చప్పట్లు కొట్టారు.

సోమవారం నాటి తుపాకి. మిల్లు ఆవరణ, షెడ్డు నీడ, పరుగెత్తే దొంగలు. ఆమె ఆడింది. ఏడుగురు పడ్డారు. మేనేజరు చూశారా అన్నట్టు అందరి వైపూ చూశాడు.

బుధవారం నాటి తుపాకి. మళ్లీ అదే ఆవరణ. ఇక్కడ పది పడితే తమ్ముడి పని అయిపోయినట్టే. పది పడవని హాల్లో ఇద్దరికి తెలుసు. పదోవాడు వచ్చి పోయేసరికి పడినవాళ్లు ఏడుగురు.

మేనేజరు మొహంలో నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ముందు వరసలోని ఆవిడ, రెండూ ఒకే తుపాకిలా ఉన్నాయే అంది. అతను గడియారం మీద చెయ్యి వేశాడు, విప్పలేదు. బయటివాళ్లు పది కొట్టినదాంతో ఈమె ఏడే కొట్టడం ఏమిటో అతనికి అంతుపట్టలేదు.

"ఒకటే తుపాకి మేడమ్. మంగళవారం ఏమీ మారలేదు," అంది పెద్దక్క. తర్వాత తమ్ముడి వైపు తిరిగింది. "మొట్టమొదటి పొడుగు తుపాకి పెట్టు. ఇంకా మెత్తబరచక ముందుది."

"అది లేదక్కా. తీసేశాం."

పాతవేవీ తీసెయ్యరు. ఏ తుపాకి ఏ రోజు ఎలా ఉందో అన్నీ దాచి ఉంటాయి, ఆ సంగతి తలుపుల అమ్మాయికి కూడా తెలుసు. ఆమె అతని మొహంలోకి చూసింది. అబద్ధం చెప్పడం అలవాటు లేనివాడు, చెవులు ఎర్రబడ్డాయి. రబ్బరు బంతి ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. టీ మూల దగ్గర ఆమె కంటే ముందే అతను వెళ్లి ఆమె కప్పులో సగమే పోసి ఉంచిన రోజులు గుర్తొచ్చాయి. చూస్తానక్కా, చూస్తానక్కా అని అతను చూస్తూ వచ్చింది తుపాకిని కాదు.

"ఉంది. పెట్టు తమ్ముడూ."

అతను కదలలేదు. ఆమె ఎదురుచూసింది. చివరికి అతను కీబోర్డు మీదికి వంగాడు.

మొదటి దొంగ షెడ్డులోంచి వచ్చాడు. ఆమె ట్రిగ్గర్ సగం నొక్కింది. పెద్ద తెర మీద వలయం ముడుచుకోబోయి, చెదిరి, మళ్లీ ముడుచుకోబోయి, మళ్లీ చెదిరింది. జ్వరం పట్టినదానిలా వణికింది. ఆమె పేల్చింది. రవ్వలు గోడ మీది సున్నం రాల్చాయి. రెండో తూటా నేల మీద పడింది. దొంగ వచ్చి మీద పడ్డాడు. హాల్లో ఎవరో గుర్రాలవాడు నవ్వబోయి ఆపుకున్నాడు. రెండోవాడు, మూడోవాడు. ఆమె దాచే ప్రయత్నం మానేసింది, వేలిని దాని ఇష్టానికి వదిలేసింది. పదిమందిలో ఇద్దరు పడ్డారు, ఒకడు అదృష్టం కొద్దీ.

ఆమె కంట్రోలర్‌ని కుడిచేత్తో ఎత్తి చాచి పట్టుకుంది. వెనక వరసకు కూడా కనిపించేంత సేపు పట్టుకుంది. దాని తీగ బల్ల అంచుకు తగులుతూ టకటకమని చప్పుడు చేసింది.

"ఏడాదిగా ఇంతే సార్. నా అంకె తగ్గినప్పుడల్లా తుపాకిని తేలిక చేశారు. తుపాకిని తూచారు కానీ రాయిని ఎవరూ తూచలేదు. నేను తూచనివ్వలేదు."

మేనేజరు ఆ చేతినే చూస్తూ నిలబడ్డాడు. నిన్న ఆమె గదికి వచ్చి ఏం చెప్పిందో అతనికి ఇప్పుడు వినపడుతున్నట్టుంది. కాసేపటికి తమ్ముడి వైపు తిరిగి, నీకిది తెలుసా అని అడిగాడు. తమ్ముడు నోరు తెరిచాడు.

"అతనికేం తెలుస్తుంది?" అంది పెద్దక్క, అతని కంటే ముందు. "తుపాకి బిగుసుకుందంటే నమ్మాడు. మీరు నమ్మలేదా?"

మేనేజరు తల దించుకున్నాడు. ముందు వరసలోని ఆవిడ లేచి వచ్చి, ఆమె చేతిలోంచి కంట్రోలర్ మెల్లగా తీసుకుని బల్ల మీద పెట్టింది. తుపాకిని వెనక్కి మార్చమని, ఇకమీదట నలుగురి చేతులతో చూడమని చెప్పింది. తమ్ముడు సామాను సర్దుకోనక్కర్లేదు. పెద్దక్క సంగతి సోమవారం మాట్లాడదామని మేనేజరు చాలా మర్యాదగా అన్నాడు. ఆ మర్యాద చూస్తేనే సోమవారం ఏం మాట్లాడతారో అందరికీ తెలిసిపోయింది. ఆట బయటికి రావడానికి ఇంకా చాలా నెలలున్నాయి. నల్లటి తెర మీద పేర్లు పాకే రోజుకు ఆమె అక్కడ ఉండదు. ఆ రివాజు ఆమెకు ఎవరూ గుర్తుచెయ్యనక్కర్లేదు.

మెట్ల దగ్గర తమ్ముడు వెనకే పరుగెత్తుకొచ్చాడు. మనిషి కోపంగా ఉన్నాడు. అతన్ని కోపంగా చూడటం ఆమెకు అదే మొదటిసారి.

"ఎందుకు చెప్పారక్కా? నాకు ఇంకోచోట దొరికేది. మీకెవరిస్తారు?"

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

అతను మెట్ల కమ్మీ పట్టుకుని, మొదటిసారి బిగుసుకుందని చెప్పినప్పుడే అన్నాడు. తుపాకి విప్పి చూశాడట, దాంట్లో తేడా ఏమీ లేదు. మర్నాడు ఆమె ఆడుతుంటే తెర వదిలేసి వేలు చూశాడట.

"నాకు చెప్పొచ్చుగా."

"చెబితే వెళ్లిపోయేవారు."

"ఇప్పుడూ వెళ్తున్నాను." ఆమెకు అతని మీద ప్రేమ, కోపం ఒక్కసారే పొంగుకొచ్చాయి. ఏడాది పాటు ఇద్దరూ ఒకరికొకరు అబద్ధం ఆడుకున్నారు, అదీ నోటితో కాదు, ఒక బొమ్మ తుపాకితో. "నా మీద జాలితో ఆ తుపాకిని పాడుచేశావు. నీ పేరూ పోగొట్టుకోబోయావు. మంచి తుపాకి రా అది. వెనక్కి మార్చేటప్పుడు ఎవడి మొహమూ చూడకు."

అతను సరేనన్నాడు. కళ్లు తుడుచుకోవడానికి మొహం అటు తిప్పుకున్నాడు. ఆమె కిందికి దిగి వచ్చేసింది.

ఇంట్లో కుట్టుమిషను తల మళ్లీ బిగించి, భర్త చక్రం తిప్పి చూసుకుంటున్నాడు. అది నిలకడగా కిటకిటమంటోంది. ఆమె చెప్పులు విప్పి బల్ల దగ్గర కూర్చుంది. ఆయన టీ పెట్టాడు. అలవాటు ప్రకారం సగం పోసి గిన్నె పక్కకు పెట్టబోయాడు.

"నిండా పొయ్యండి," అంది.

ఆయన ఆమెను ఒకసారి చూసి, నిండా పోసి, ఎదురుగా పెట్టాడు. ఆమె కుడిచేత్తో ఎత్తింది. రెండో చెయ్యి సాయం తెచ్చుకోలేదు. కప్పు నోటిదాకా వచ్చేలోపే టీ అంచు దాటి వేళ్ల మీదుగా కారి, బల్ల మీద పడి, మిషను కింద పరిచిన గుడ్డను తడిపింది. ఆమె ఆపలేదు. దగ్గలేదు. ఆయన మిషను చక్రం మీద చెయ్యి వేసి ఆపాడు. కప్పునూ, ఆ చేతినీ చాలాసేపు చూశాడు.

"మామయ్యదేనా?" అన్నాడు మెల్లగా.

"ఆయనదే," అంది. "ఇంక నాది."

ఆయన లేచి ఆమె పక్కకు వచ్చి కూర్చున్నాడు. ఆమె కప్పులో మిగిలింది తాగింది.